తిరుపతి ఎండల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను చల్లగా ఉంచుకోవడం ఎలా?

ఏప్రిల్ మొదలవుతూనే తిరుపతిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరువవుతుంది. మే నెలలో, అగ్నినక్షత్రం రోజుల్లో, ఆ గీత దాటడం మనం ఏటా చూస్తున్నదే. డెస్క్‌టాప్ తయారీ సంస్థలు యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకంలో సాధారణంగా గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాస్తాయి. మిద్దె పైఅంతస్తులో ఉన్న గదిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ 35 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోలకూ, ప్రవేశ పరీక్షల దరఖాస్తులు నింపే నెట్ సెంటర్లకూ చేతినిండా పని ఉండేది సరిగ్గా ఈ నెలల్లోనే కాబట్టి, ఎండలు తగ్గేదాకా యంత్రాన్ని పక్కన పెడదామంటే కుదరదు.

అన్నిటికంటే ముందు ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. క్యాబినెట్‌లోని ఫ్యాన్ చలువను పుట్టించదు. గదిలో ఉన్న గాలిని లోపలికి లాగి, భాగాల వేడిని ఆ గాలికి ఎక్కించి, బయటికి పంపడమే దాని పని. గది గాలి 38 డిగ్రీలు ఉంటే, ఎంత ఖరీదైన ఫ్యాన్ బిగించినా ప్రాసెసర్ 38 కంటే దిగువకు రాదు. ఒకే పని చేయిస్తున్నప్పుడు గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలే వేడెక్కుతుంది. సంక్రాంతి రోజుల్లో 26 డిగ్రీల గదిలో 68 చూపించిన ప్రాసెసర్, మే నెలలో 39 డిగ్రీల గదిలో 81 చూపించిందంటే యంత్రంలో లోపం ఏమీ లేదు. రెండుసార్లూ తేడా 42 డిగ్రీలే. ఈ తేడాను లెక్క కట్టడం అలవాటు చేసుకున్నవారికి దేని మీద డబ్బు పెట్టాలో, దేని మీద పెట్టనక్కర్లేదో తెలుస్తుంది.

మొదట కొలవండి

గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి కొని, క్యాబినెట్ ముందు భాగానికి దగ్గరలో, అదే ఎత్తులో పెట్టండి. కంప్యూటర్‌లో హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఎక్కించుకుంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, మదర్‌బోర్డుల ఉష్ణోగ్రతలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మీరు రోజూ చేయించే పనుల్లో అన్నిటికంటే బరువైనదాన్ని, ఉదాహరణకు వీడియో రెండరింగ్‌ను (ఎడిట్ చేసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేయడాన్ని), ఇరవై నిమిషాల పాటు నడిపి, అప్పుడు ప్రాసెసర్ ఎంత చూపుతున్నదో, గది ఎంత చూపుతున్నదో ఒక పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. మొదటిదానిలోంచి రెండవది తీసివేస్తే వచ్చేదే మీ యంత్రం తేడా.

ఆ తేడా చలికాలంలో ఎంత ఉందో వేసవిలోనూ అంతే ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. మీరు శ్రద్ధ పెట్టవలసింది గది మీద. అదే పనికి తేడా 42 నుంచి 55కు పెరిగితే లోపల దుమ్ము పట్టిందని, లేదా ఏదో ఒక ఫ్యాన్ నెమ్మదించిందని, లేదా థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని దాని మీది లోహపు దిమ్మెకు చేరవేసే పూత) ఎండిపోయిందని అర్థం. అప్పుడు గదిలో ఏసీ పెట్టించినా అసలు జబ్బు అలాగే ఉంటుంది.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటికి రకాన్ని బట్టి సుమారు 90 లేదా 95. ఆ హద్దు చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి వెంటనే కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. మధ్యాహ్నం పూట కంప్యూటర్ మందకొడిగా మారి, సాయంత్రం మళ్లీ చురుకుగా పనిచేస్తుంటే కారణం చాలావరకు ఇదే. నిజంగా ఆయుష్షు తగ్గేది మిగతా భాగాలకు. తిరిగే పళ్లేలున్న హార్డ్‌డిస్క్‌కు తయారీదారులు పెట్టే హద్దు సాధారణంగా 60 డిగ్రీలు, అది 50 దాటకుండా చూసుకోవడం మేలు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోనూ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మదర్‌బోర్డు మీదా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు (కరెంటును నిలవ చేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్లు పాటించే లెక్క. ఈ వేసవిలో ఏమీ కాలేదని నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే. ఈ ఏడాది తిన్న వేడి రెండు మూడేళ్ల తర్వాత బయటపడుతుంది.

గది, స్థలం

మన కంప్యూటర్ టేబుళ్లలో క్యాబినెట్ కోసం కింద ఒక చెక్క గూడు ఉంటుంది. మూడు వైపులా పలకలు, కొన్నిటికి ముందు తలుపు కూడా. వేసవిలో ఆ గూటిలో క్యాబినెట్ ఉంచడం తప్పు. వెనక నుంచి వచ్చిన వేడిగాలి గోడకు తగిలి, పక్కల నుంచి ముందుకు తిరిగి వచ్చి, మళ్లీ లోపలికే పోతుంది. క్యాబినెట్‌ను బయటికి తీసి, వెనక గోడకు కనీసం ఒక జానెడు ఎడం ఉండేలా, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, చిన్న స్టూలు మీదనో ఇటుకల మీద వేసిన పలక మీదనో పెట్టండి. ఊడ్చినప్పుడు లేచే దుమ్మంతా నేల దగ్గరే ఎక్కువగా ఉంటుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ అడుగు భాగంలో ఉన్న క్యాబినెట్‌ను దుప్పటి మీదా, చాప మీదా పెడితే దాని ఫ్యాన్‌కు గాలే అందదు. పడమటి కిటికీ ఎండ క్యాబినెట్ మీద పడకూడదు. ఫ్రిజ్ వెనక భాగం, ఇన్వర్టర్, యూపీఎస్ పక్కనే ఉండకూడదు. యూపీఎస్ బ్యాటరీకి కూడా ఈ జాగ్రత్త అవసరం. లెడ్ యాసిడ్ బ్యాటరీలు 25 డిగ్రీల దగ్గర బాగా మన్నుతాయి, వేడి పెరిగేకొద్దీ త్వరగా చచ్చిపోతాయి. దాన్ని క్యాబినెట్ వేడిగాలి తగిలేచోట అసలు పెట్టకండి.

సీలింగ్ ఫ్యాన్ విషయంలో చాలామంది పొరబడతారు. ఫ్యాన్ కింద మనకు హాయిగా ఉండేది చెమట ఆరడం వల్ల. గది గాలి మాత్రం చల్లబడదు. కంప్యూటర్‌కు చెమట పట్టదు. క్యాబినెట్ చుట్టూ గూడుకట్టిన వేడిగాలిని చెదరగొట్టడం వరకే సీలింగ్ ఫ్యాన్ దానికి ఉపయోగపడుతుంది. అందుకే మీకు ఎలా ఉందన్నది కాకుండా థర్మామీటర్ ఎంత చూపుతున్నదన్నదే లెక్కలోకి తీసుకోండి.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 300 వాట్లు లాగే కంప్యూటర్ ఆ 300 వాట్లనూ చివరికి గదిలోకి వేడిగానే వదులుతుంది. చిన్న గది తలుపులు, కిటికీలు అన్నీ బిగించి రెండు గంటలు రెండరింగ్ పెడితే గది తనంతట తానే వేడెక్కుతుంది. పగలు పదిన్నర, పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా బయట గాలి లోపలికంటే వేడిగా ఉన్నంతసేపూ ఎండ వైపు కిటికీలు మూసి, గ్రీన్ నెట్ గానీ, మందపాటి తెర గానీ వేయండి. నీడ వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే నడపండి. పొద్దుగూకాక బయట చల్లబడిందని థర్మామీటర్ చెప్పినప్పుడు అన్నీ బార్లా తెరవండి. అద్దె ఇల్లు కాకపోతే మిద్దె పైన తెల్ల సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు గానీ వేయించడం మంచిది. పైఅంతస్తు గదులకు అన్నిటికంటే పెద్ద శత్రువు పగలంతా కాగి రాత్రి పదీ పదకొండు దాకా వేడిని కిందికి వదిలే ఆ శ్లాబే. కొర్లగుంటలోనో, బైరాగిపట్టెడలోనో పైఅంతస్తు గదుల్లో అద్దెకుండే విద్యార్థులు, వీలుంటే వేసవి రెండు నెలలకైనా యంత్రాన్ని కింది అంతస్తులో ఉన్న స్నేహితుల గదికి మార్చుకోవడం గురించి ఆలోచించవచ్చు.

ఎయిర్ కూలర్ వాడేవారు దాన్ని కిటికీలో బిగించి బయట గాలిని లాగేలా పెట్టి, ఎదుటి వైపు ఒక కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో నడిపితే కాసేపటికే తేమ నిండి, చల్లదనం పోయి, ఉక్క మిగులుతుంది. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి రాకూడదు. సన్నని తుంపరలతో పాటు బోరు నీటిలోని ఉప్పు కూడా వచ్చి బోర్డు మీద తెల్లని పొరగా పేరుకుంటుంది, తేమ తగిలిన దుమ్ము రెక్కలకు అంటుకుపోయి ఊదినా రాదు. వట్టివేరు తడికలు కట్టినా ఇదే నియమం, తడికకు క్యాబినెట్ దూరంగా ఉండాలి. ఏసీ ఉన్నవారు 18కి తగ్గించనక్కర్లేదు. 26 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ తోడు నడిపితే కంప్యూటర్‌కు ధారాళంగా సరిపోతుంది. ఇండోర్ యూనిట్ కింద మాత్రం క్యాబినెట్ పెట్టకండి, నీళ్లు కారడం అరుదేమీ కాదు. క్యాబినెట్ మీద తడిగుడ్డ కప్పడం, ఫ్యాన్ ముందు ఐసు పెట్టడం లాంటి చిట్కాల జోలికి దయచేసి పోకండి.

దుమ్ము దులపడం

మన చిత్తూరు వైపు ఆయుధపూజకు కంప్యూటర్‌ను కూడా తుడిచి, బొట్టు పెట్టి పూజ చేస్తాం. అది మంచి అలవాటే, కానీ ఆ తర్వాత ఉగాది దాకా ఆరు నెలల దుమ్ము లోపల చేరుతుంది, అసలు ఎండలు ఆ పైన మొదలవుతాయి. ఉగాదికి ఇల్లు దులిపే రోజుల్లో రెండోసారి కంప్యూటర్‌ను కూడా శుభ్రం చేయండి. పూజ చేసేటప్పుడు పసుపు, కుంకుమ పొడిగా చల్లకుండా, తడిపి పక్క పలక మీద బొట్టుగా పెట్టండి. జాలీల మీద చల్లిన పొడి నేరుగా ఫ్యాన్లలోకి వెళ్తుంది. పూజ గదిలోనే కంప్యూటర్ ఉన్న ఇళ్లలో అగరబత్తి పొగ, వంటగది పక్కన ఉంటే తాలింపు పొగ దుమ్మును జిడ్డుగా మారుస్తాయి.

పని మొదలుపెట్టే ముందు షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌ను వరండాలోకో, మిద్దె మీది నీడలోకో తీసుకువెళ్లండి. గదిలో ఊదితే ఆ దుమ్మంతా మళ్లీ అక్కడే దిగుతుంది. పక్క పలక తీశాక, బోర్డును ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది.

ఇప్పుడు టార్చి వేసి ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి లోపలికి చూడండి. పైకి ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. దాని అడుగున, అల్యూమినియం రెక్కలు మొదలయ్యే చోట, బూడిద రంగు దుమ్ము మందంగా అల్లుకుపోయి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు కూడా చేస్తుంది, గాలి మాత్రం కిందికి దిగదు. చాలా యంత్రాల్లో తేడా పదికి పైగా పెరిగేది ఈ ఒక్క పొర వల్లనే. ఊదడం మొదలుపెట్టే ముందు ఫ్యాన్ రెక్కను వేలితో గానీ, పెన్సిల్‌తో గానీ కదలకుండా పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. దుకాణాల్లో దొరికే ఎలక్ట్రిక్ బ్లోయర్‌ను కాస్త దూరంగా పట్టుకుని, మొదట ఒక వైపు నుంచి, తర్వాత ఎదుటి వైపు నుంచి ఊదండి. అంటుకుపోయిన దుమ్మును మెత్తని పెయింటు బ్రష్‌తో కదిలించి మళ్లీ ఊదండి. జిడ్డు పట్టిన రెక్కలను చెవిపుల్లకు చుట్టిన దూదితో తుడవవచ్చు. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డు దగ్గరికి తీసుకురాకండి, అది స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను బయటి నుంచే ఊదండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి దాని పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ముందు వైపు జాలీ వెనక పలచని ఫిల్టర్ ఉంటే దాన్ని తీసి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. వెనక భాగంలో మూత లేని స్లాట్లు ఉంటే మూయించండి. వెచ్చదనం కోసం బల్లులు దూరేది ఆ సందుల్లోంచే.

శుభ్రం చేశాక మళ్లీ అదే పనిని ఇరవై నిమిషాలు నడిపి కొలవండి. తేడా పాత స్థాయికి వస్తే ఇంకేమీ చేయనక్కర్లేదు. రాకపోతే, యంత్రం కొని నాలుగైదేళ్లు దాటితే, థర్మల్ పేస్ట్ మార్చే సమయం వచ్చినట్టు. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద ఉండే అల్యూమినియం రెక్కల దిమ్మె) విప్పే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపితే పేస్ట్ మెత్తబడుతుంది. ఆ తర్వాత ఆపి, ప్లగ్గు తీసి విప్పండి. పాత ఏఎమ్‌డీ బోర్డుల్లో హీట్‌సింక్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడివచ్చి పిన్నులు వంగే ప్రమాదం ఉంది, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయాలి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో తరచుగా గ్లిజరిన్ ఉంటుంది. కొత్త పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజకంటే చిన్నదిగా ఒక్క చుక్క చాలు. ఇంటెల్ పెట్టెలో వచ్చే హీట్‌సింక్‌కు నాలుగు మూలలా నొక్కే పిన్నులు ఉంటాయి. వాటిని ఎదురెదురు మూలల చొప్పున, టిక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. ఈ పని చేతకాదనిపిస్తే దుకాణంలో ఇవ్వడమే ఉత్తమం.

గాలి దారి

క్యాబినెట్‌లో గాలి ముందు నుంచి వచ్చి వెనక నుంచి, పై నుంచి పోవాలి. ఫ్యాన్‌కు ప్లాస్టిక్ కమ్మీలు ఉన్న వైపు గాలి బయటికి వస్తుంది, రెండో వైపు లోపలికి లాగుతుంది. అనుమానం ఉంటే యంత్రం నడుస్తుండగా వెనక జాలీ దగ్గర పలచని కాగితం ముక్క పట్టుకోండి. కాగితం బయటికి ఎగరాలి. తక్కువ ధర క్యాబినెట్లలో వెనక ఒక్క ఫ్యానే ఉంటుంది. మీ క్యాబినెట్‌కు ముందు ఖాళీ చోటు ఉంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగించడం, నా అభిప్రాయంలో, ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే మార్పుల్లో మొదటిది.

పక్క పలక తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం మనవాళ్లకు అలవాటు. అది తాత్కాలికంగా పనికొస్తుంది గానీ దుమ్మును ఆహ్వానిస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా. అయితే పరీక్షగా మాత్రం దానికి విలువ ఉంది. పలక తీయగానే ప్రాసెసర్ ఐదారు డిగ్రీలు దిగిందంటే క్యాబినెట్‌లోకి గాలి చాలడం లేదని తేలినట్టే. ఫ్యాన్ చేర్చి పలక మూసేయండి.

పనిని, వేళను సర్దుకోవడం

ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికంటే చల్లని వేళ సూర్యోదయానికి కాస్త ముందు. రెండరింగ్, పెద్ద బ్యాకప్‌లు తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేలా పెట్టుకుంటే, మధ్యాహ్నంతో పోలిస్తే యంత్రం చాలా తక్కువ వేడిలో అదే పని పూర్తి చేస్తుంది. పగలే చేయక తప్పనప్పుడు విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి మార్చండి. చాలా ప్రాసెసర్లలో దీనివల్ల టర్బో వేగం (బరువైన పనికి ప్రాసెసర్ తానే పెంచుకునే అదనపు వేగం) ఆగిపోయి, ఉష్ణోగ్రత చెప్పుకోదగినంత దిగుతుంది. పని కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఆటలు ఆడేవారు సెకనుకు వచ్చే ఫ్రేములను 60కి పరిమితం చేసుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు ఊరట. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగులలో) ఫ్యాన్ వేగాన్ని వేసవికి కాస్త ముందుగానే పెరిగేలా మార్చుకోవచ్చు. చప్పుడు పెరుగుతుంది, దానికి సిద్ధపడాలి.

కరెంటు పోయినప్పుడు ఒక చిక్కు ఉంది. కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది గానీ గదిలోని ఏసీ, కూలర్, ఎగ్జాస్ట్ ఆగిపోతాయి. బరువైన పనిని అక్కడితో ఆపి, ఫైలు భద్రపరచి, షట్‌డౌన్ చేసేయండి.

ఇన్ని చేసినా యంత్రం మధ్యలో దానంతటదే ఆరిపోతే వెంటనే మళ్లీ ఆన్ చేయకండి. ప్లగ్గు తీసి, పక్క పలక తెరిచి, అరగంట ఆరనివ్వండి. తర్వాత ఆన్ చేసి ప్రాసెసర్ ఫ్యాన్, వెనక ఫ్యాన్, ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్యాన్ తిరుగుతున్నాయో లేదో కంటితో చూడండి. కొన్ని కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో భారం పెరిగితేగానీ ఫ్యాన్ తిరగదు, అది లోపం కాదు. బాగా చల్లారిన తర్వాత కూడా ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే ఉష్ణోగ్రత 90 దాటి ఆరిపోతుంటే అది ఎండ వల్ల కాదు. హీట్‌సింక్ పిన్ను ఒకటి లేచిపోయి ప్రాసెసర్‌కు సరిగా ఆనకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం, కాబట్టి నాలుగు మూలలూ సరిచూసి, లేచినదాన్ని తిరిగి బిగించండి. గంటా రెండు గంటలు నడిచాక ఆరిపోతూ, ఆ సమయానికి ప్రాసెసర్ మామూలు ఉష్ణోగ్రతే చూపుతుంటే అనుమానించవలసింది ఎస్‌ఎమ్‌పీఎస్‌ను. అప్పుడు మీరు పుస్తకంలో రాసుకున్న అంకెలను దుకాణానికి తీసుకువెళ్లి చూపించండి.